కుక్కా పిల్లీ ఉన్న ఇంట్లో గ్యాస్ స్టవ్: నాబ్ లాకా, జాలీ తలుపా, ఇండక్షనా?

ఆ ఆదివారం ఉప్పల్‌లో మా ఆడపడుచు ఇంటికి భోజనానికి వెళ్లి, రాత్రి తొమ్మిదిన్నరకు నల్లకుంటలోని మా ఫ్లాట్ తలుపు తీశాం. బంటి ఎప్పటిలాగే తోక ఊపుకుంటూ ఎదురొచ్చాడు. వాడి వెనకే గ్యాస్ వాసన వచ్చింది. మా ఆయన వాణ్ని మెట్ల దగ్గరికి లాక్కెళ్లారు. నేను లైటు వేయకుండా, బయటి వరండా వెలుగులోనే లోపలికి వెళ్లి రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచాను. వాసన పూర్తిగా పోయాక లైటు వేసి చూస్తే విషయం అర్థమైంది. పొద్దున చేసిన చికెన్ వేపుడు నూనె స్టవ్ మీద చిందింది, ఆలస్యమవుతోందని తుడవకుండా వెళ్లిపోయాను. వాడు వెనక కాళ్ల మీద లేచి, గట్టు మీద ముందు కాళ్లు వేసి, స్టవ్‌ని శుభ్రంగా నాకాడు. గ్రానైట్ అంచున రెండు పంజాల జిడ్డు ముద్రలు ఉన్నాయి. ఎడమవైపు నాబ్ కొద్దిగా తిరిగి ఉంది. కిటికీ ఓరగా తెరిచి ఉండబట్టి బతికిపోయాం.

తప్పు వాడిది కాదు. "నోరులేని జీవం, దానికేమెరుక? మనకుండాలె తెలివి" అని మా అత్తమ్మ నన్ను నాలుగు రోజులు దెప్పింది. ఆ తర్వాత ఆరు నెలల్లో ఏవేవో కొన్నాం. కొన్ని తిప్పి పంపేశాం, కొన్ని మూలన పడ్డాయి, రెండు మూడు మాత్రం నిలబడ్డాయి. ఈలోగా చిట్టి అనే పిల్లి కూడా ఇంట్లో చేరి, కుక్క కోసం చేసిన ఏర్పాట్లలో సగం పిల్లికి చెల్లవని తేల్చేసింది. ఏది కొనాలో తేలక టెన్షన్ పడేవాళ్ల కోసం ఆ లెక్కంతా ఇక్కడ పెడుతున్నాను.

కొనే ముందు చూసుకోవాల్సినవి

స్టవ్ దగ్గర జంతువుకు ప్రమాదం రెండు వేళల్లో వస్తుంది. ఒకటి, స్టవ్ వెలుగుతూ మనం అక్కడే ఉన్నప్పుడు. పోపు చిటపటలాడి నూనె చుక్క ముక్కు మీద పడుతుంది. పిల్లి గట్టు మీదికి దూకి వేడి బర్నర్ మీద కాలు పెడుతుంది. అన్నిటికంటే తరచుగా జరిగేది, మనం గంజి వంచుతుంటేనో, వేడి నూనె మూకుడు దించుతుంటేనో అది కాళ్లకు అడ్డం రావడం. రెండో వేళ, స్టవ్ కట్టేసి మనం బయటికెళ్లినప్పుడు, లేదా పడుకున్నప్పుడు. అప్పుడు నాబ్ తిరుగుతుంది, పైపు కొరుకుడు పడుతుంది. మొదటి వేళ భయం కాలిన గాయాలది, రెండో వేళ భయం గ్యాస్‌దీ మంటలదీ.

మార్కెట్లో దొరికేవాటిలో చాలావరకు ఈ రెంటిలో ఒక్క వేళకే పనికొస్తాయి. నాబ్ లాక్ కొని ధీమాగా ఉన్నవాళ్ల పిల్లికి బర్నర్ మీద కాలు కాలవచ్చు. వంటింటికి అడ్డం పెట్టినవాళ్లు రెగ్యులేటర్ మర్చిపోవచ్చు. అందుకే ఏది కొనబోయినా, ఇది ఏ వేళకు అని మొదట అడగండి.

తర్వాత ఏ జంతువు అన్నది చూడాలి. కుక్క కింది నుంచి అందుకుంటుంది, పిల్లి పైనుంచి దిగుతుంది. లాబ్రడార్ భుజం ఎత్తు 55 నుంచి 62 సెంటీమీటర్లు. వెనక కాళ్ల మీద నిలబడితే మన వంటగట్టు దానికి భోజనాల బల్లే. బీగిల్, పగ్ లాంటివి గట్టు అందుకోలేవు గానీ కింద సిలిండర్ అలమారా వాటి ఎత్తులోనే ఉంటుంది.

ఇక ఇల్లు. అద్దె ఇంట్లో గోడకు రంధ్రం వేస్తే ఓనర్ ఊరుకోరు. కొండాపూర్, మియాపూర్ వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఓపెన్ కిచెన్, తలుపు పెట్టడానికి చౌకట్టే ఉండదు. పాత ఇళ్లలో వంటిల్లు విడిగా ఉంటుంది, అదో వరం.

చివరిగా, ఆ పని రోజూ చేసేదెవరు? ఇంట్లో నలుగురుంటే నలుగురూ, వంటమనిషి కూడా పాటించగలిగితేనే అది రక్షణ. నేనొక్కదాన్నే గుర్తుపెట్టుకుంటే సరిపోతుందనుకున్న ప్రతి ఏర్పాటూ మా ఇంట్లో వారం దాటలేదు.

గ్యాస్ స్వభావం కూడా కొంచెం తెలిసి ఉండాలి. సిలిండర్‌లో వచ్చే ఎల్పీజీ గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నీళ్లలా నేల మీద పరుచుకుంటుంది. గాలిలో దాదాపు 2 శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఫ్రిజ్ తనంతట తనే ఆన్ అవుతూ ఆగుతూ ఉంటుంది కదా, ఆ రవ్వ అక్కడి నుంచే రావచ్చు. నేల మీద పడుకున్న కుక్క, మనకంటే ముందే ఆ గ్యాస్‌ని పీలుస్తుంది. పైపు గ్యాస్ ఇందుకు భిన్నం. భాగ్యనగర్ గ్యాస్ కనెక్షన్ ఉన్న ఇళ్లకు వచ్చేది సహజవాయువు, అది గాలికంటే తేలిక, పైకప్పు వైపు చేరుతుంది.

ఒక్క చూపులో

| ఏర్పాటు | వంట జరుగుతున్నప్పుడు | మనం లేనప్పుడు | కుక్కకు | పిల్లికి | అద్దె ఇంట్లో |
|---|---|---|---|---|---|
| రెగ్యులేటర్ కట్టేయడం | పనికిరాదు | చాలా మంచిది | సరిపోతుంది | సరిపోతుంది | ఇబ్బంది లేదు |
| నాబ్‌లు ఊడదీయడం | పనికిరాదు | మంచిది | సరిపోతుంది | సరిపోతుంది | ఇబ్బంది లేదు |
| నాబ్ కవర్లు | పనికిరాదు | పర్వాలేదు | పర్వాలేదు | అవసరం తక్కువ | స్టవ్‌కి సరిపడితేనే |
| అడ్డు గేటు | మంచిది | పర్వాలేదు | మంచిది | దండగ | బిగించే రకం అయితే సరే |
| పూర్తి ఎత్తు జాలీ తలుపు | చాలా మంచిది | చాలా మంచిది | చాలా మంచిది | చాలా మంచిది | ఓనర్ ఒప్పుకోవాలి |
| మంట ఆరితే గ్యాస్ ఆపే స్టవ్ | పాలు పొంగినప్పుడు మేలు | మంచిది | మంచిది | మంచిది | ఇబ్బంది లేదు |
| ఇండక్షన్ | కొంత మేలు | స్విచ్ తీస్తేనే | మంచిది | జాగ్రత్త కావాలి | ఇబ్బంది లేదు |
| గ్యాస్ అలారం | హెచ్చరిక మాత్రమే | వినేవాళ్లు ఉండాలి | ఆపదు | ఆపదు | ఇబ్బంది లేదు |

రెగ్యులేటర్: రూపాయి ఖర్చు లేనిది

నన్నడిగితే మిగతావన్నీ దీని తర్వాతే. రెగ్యులేటర్ ఆఫ్‌లో ఉంటే కుక్క నాబ్ మొత్తం తిప్పేసినా పైపులో మిగిలిన కాస్త గ్యాసే బయటికొస్తుంది. మనలో చాలామంది రాత్రి పడుకునేముందు కట్టేస్తారు. పగలు ఆఫీసుకో, ఫంక్షన్‌కో వెళ్లేటప్పుడు మాత్రం "వచ్చాక మళ్లీ వంటే కదా" అని వదిలేస్తారు. ఇల్లు జంతువు చేతిలో ఉండేది సరిగ్గా ఆ గంటల్లోనే.

దీనికీ ఒక చిక్కుంది. సిలిండర్ గట్టు కింద, అలమారాలో, ఓ మూలకు ఉంటుంది. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ప్రతిసారీ వంగి చెయ్యి పెట్టలేదు. మేం సిలిండర్‌ని అలమారా ముందు భాగానికి జరిపి, రెగ్యులేటర్ నాబ్ తలుపు వైపు ఉండేలా తిప్పాం. అంతే, అప్పట్నుంచి ఆమే మాకు గుర్తుచేస్తోంది. అలమారా తలుపుకు గడియ పెట్టండి, లేకపోతే కుక్కపిల్ల మూతితో తోసుకుని లోపలికి దూరుతుంది. కింద గాలి ఆడే సందు మాత్రం మూయొద్దు.

పైపు గ్యాస్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా సులువు. స్టవ్ దగ్గర గోడకు చిన్న వాల్వ్ ఉంటుంది, పావు తిప్పు తిప్పితే చాలు. అయితే చాలా ఇళ్లలో ఆ వాల్వ్‌ని ఒక్కసారి కూడా ముట్టుకోరు. "పైపు గ్యాసే కదా, ఏం కాదు" అనుకుంటారు. తేలికైన గ్యాస్ అయినా తలుపులన్నీ మూసిన ఫ్లాట్‌లో నిండితే నిప్పుకు అదీ అంటుకుంటుంది.

ఇక్కడే పైపు సంగతి కూడా. మూడు నుంచి ఆరు నెలల వయసులో కుక్కపిల్లకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి, చిగుళ్లు దురద పెట్టి కనబడిందల్లా కొరుకుతుంది. కుందేళ్లు పెంచేవాళ్లకు వయసుతో పనే లేదు, అవి ఎప్పుడైనా కొరుకుతాయి. ఇంకా ఆకుపచ్చ రబ్బరు గొట్టమే వాడుతుంటే మార్చేయండి. గ్యాస్ కంపెనీలు ఇచ్చే నారింజ రంగు సురక్ష పైపులో లోపల సన్నని తీగ అల్లిక ఉంటుంది, అయిదేళ్లకోసారి మార్చమంటారు. దాని మీద తేదీ ముద్రించి ఉంటుంది, ఈ పూటే వంగి చూడండి. ఎలుకల భయంతో కొందరు పైపుకు బట్టో ప్లాస్టిక్ తొడుగో చుడతారు. అది చెయ్యకండి, లోపల పగులు వచ్చినా, పంటి గాటు పడినా కనబడదు.

నాబ్‌లు: లాక్ కొనాలా, ఊడదీయాలా?

2024 జూన్‌లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఒక కుక్క రాత్రిపూట స్టవ్ మీదికి ఎగబడి నాబ్ తిప్పేసింది. స్టవ్ మీద పెట్టిన అట్టపెట్టెలు అంటుకున్నాయి. ఇదంతా ఇంట్లో కెమెరాలో రికార్డయింది. మా బంటి చేసిందీ అదే పని, కాకపోతే మాది లైటర్‌తో వెలిగించే స్టవ్. మంట రాలేదు, గ్యాస్ వచ్చింది. ఆటో ఇగ్నిషన్ స్టవ్ అయితే నాబ్ తిరగగానే అదే వెలిగించుకోవచ్చు. ఏది నయమంటే చెప్పడం కష్టం. ఒకటి మీ గట్టు మీద ఉన్న చపాతీల డబ్బాను అంటిస్తుంది, ఇంకోటి మీరు లైటు స్విచ్ వేసేదాకా ఆగుతుంది.

"నొక్కి తిప్పే నాబ్ కదా, కుక్క ఎలా తిప్పుతుంది?" అంటారు. స్టవ్ మీద ఉన్నది నాకడానికి లేచినప్పుడు దాని ఒంటి బరువులో కొంత పంజా మీద పడుతుంది. నొక్కుడూ జరుగుతుంది, జారేటప్పుడు తిప్పుడూ జరుగుతుంది.

నాబ్ కవర్లంటే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డొప్పలు. పైమూత తెరిచి నాబ్ తిప్పాలి. వీటిలో చాలావరకు విదేశీ స్టవ్‌ల కొలతలకు చేసినవి. మన మూడు బర్నర్ల స్టవ్‌లో నాబ్‌ల మధ్య ఎడం తక్కువ, ఒకదాని డొప్ప పక్కదానికి తగులుతుంది. నేను తెప్పించిన సెట్‌లో నాలుగింటికి రెండే పట్టాయి. పైగా పెద్ద మూకుడు పెట్టి గంటసేపు వంట చేస్తే ప్లాస్టిక్ మెత్తబడి మూత సరిగా పడటం మానేసింది. తిప్పి పంపేశాను. గాజు పలక స్టవ్ కొని, నాబ్‌ల మధ్య జానెడు ఎడం ఉన్నవాళ్లకు పనికొస్తాయేమో.

దానికంటే నాబ్‌లు ఊడదీసి డ్రాయర్‌లో పడేయడం మేలు. మన స్టవ్‌లలో చాలావాటికి నాబ్‌లు సూటిగా లాగితే వచ్చేస్తాయి. మిగిలే లోహపు పుల్లను కుక్క నాలుకా తిప్పలేదు, పిల్లి గోరూ తిప్పలేదు. రోజుకు నాలుగుసార్లు ఊడదీస్తే మాత్రం లోపలి పట్టు వదులై, వంట మధ్యలో నాబ్ చేతికొచ్చేస్తుంది. ఊరెళ్లేటప్పుడు, ఇల్లు మూడు నాలుగు గంటలు ఖాళీగా ఉండేటప్పుడు ఇది చెయ్యండి. రోజువారీకి రెగ్యులేటర్ చాలు.

గేటా, జాలీ తలుపా?

వంట జరిగే వేళకు అసలు పరిష్కారం ఇదొక్కటే. జంతువు వంటింట్లోనే లేకపోతే కాలేదీ లేదు, కాళ్లకు అడ్డం పడేదీ లేదు.

పసిపిల్లల కోసం అమ్మే ఇనుప గేట్లు ఉంటాయి. చౌకట్టుకు రెండువైపులా మరలతో బిగించే రకం అయితే గోడకు రంధ్రం అక్కర్లేదు, అద్దె ఇంటికి బాగుంటుంది. ఎత్తు సుమారు నడుము దాకా. పగ్, బీగిల్, ముసలి లాబ్రడార్‌కి సరిపోతుంది. కుర్ర ఇండీ (మన నాటు) కుక్క అయితే దానికి అదో ఆట. బంటి మొదటి రోజు గేటు ముందు కూర్చుని ఏడ్చాడు, రెండో రోజు మూతితో గడియ పరీక్షించాడు, మూడో రోజు దూకాడు. కొనేముందు ఒక మాట: చౌకట్టు వెడల్పు కొలిచి వెళ్లండి. మన ఇళ్లలో గ్రానైట్ చౌకట్లు నున్నగా ఉంటాయి, రబ్బరు బిళ్ల లేని గేటు వాటి మీద జారిపోతుంది.

పిల్లి ఉన్నవాళ్లు గేటు గురించి ఆలోచించనే వద్దు. చిట్టి దాని మీద కూర్చుని మా వంట చూసేది.

పైనుంచి కింది దాకా స్టీలు జాలీ తలుపు పెట్టించిన రోజు మా ఇంట్లో గొడవ సద్దుమణిగింది. దోమల కోసం వేసే సన్నని నైలాన్ జాలీ వద్దు, పిల్లి వారంలో చింపేస్తుంది. స్టీలు జాలీ అడగండి. కింది ఒకటిన్నర అడుగు మేర జాలీ బదులు అల్యూమినియం రేకు వేయించుకుంటే కుక్క గీరినా పాడవదు. లోపలివైపు, బయటివైపు రెండు గడియలు పెట్టించండి. గాలీ వెలుతురూ ఆగవు, వంట చేసేవాళ్లు హాల్లో ఏం జరుగుతోందో చూస్తూనే ఉంటారు. గేటుతో పోలిస్తే ఖర్చు ఎక్కువే. అద్దె ఇల్లయితే ఓనర్‌తో "దోమల తలుపు వేయించుకుంటాం, పోయేటప్పుడు వదిలేసి పోతాం" అని చెప్పి చూడండి. కుక్క మాట ఎత్తకపోతే సాధారణంగా ఒప్పుకుంటారు.

ఓపెన్ కిచెన్ వాళ్లకు ఈ రెండూ కుదరవు. వాళ్లకు రెండు దారులున్నాయి. బయటికెళ్లేటప్పుడు జంతువుని ఫ్యాన్, నీళ్లు ఉన్న పడకగదిలో ఉంచి తలుపు వేయడం ఒకటి. వంటప్పుడు ఒక గీత నేర్పడం రెండోది. నేల మీద ఒక చాప వేసి, అక్కడ కూర్చుంటేనే ముక్క దొరుకుతుందని అలవాటు చేస్తే, కుక్క కొన్ని వారాల్లో నేర్చుకుంటుంది. షరతు ఏమిటంటే స్టవ్ దగ్గర నిలబడి ఎవ్వరూ దానికి ఏమీ వేయకూడదు. మా ఇంట్లో ఈ పద్ధతి ఫెయిలవడానికి కారణం బంటి కాదు. చపాతీ చేస్తూ చేస్తూ మొదటిది వాడికే వేసే అత్తమ్మ. పిల్లికి గీత నేర్పుతానని ఎవరైనా అంటే వాళ్లకు నా నమస్కారం.

మంట ఆరితే గ్యాస్ తనే ఆపే స్టవ్

ఎలాగూ స్టవ్ మార్చబోతున్నారా? అయితే ఇది ఆలోచించండి. బర్నర్ పక్కన ఒక సన్నని లోహపు కడ్డీ ఉంటుంది. మంట వేడి తగులుతున్నంతసేపే అది లోపలి వాల్వ్‌ని తెరిచి ఉంచుతుంది. మంట ఆరి కడ్డీ చల్లబడగానే వాల్వ్ మూసుకుంటుంది. వెలిగించేటప్పుడు కూడా నాబ్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటేనే మంట నిలుస్తుంది. కుక్క పంజాకు అంత ఓపిక ఉండదు కాబట్టి, నాబ్ తిరిగినా గ్యాస్ ధారగా రాదు. పాలు పొంగి మంట ఆరిపోయినా అంతే, ఇది మనుషులకూ మేలే.

గట్టులో దిగేసే హాబ్‌లలో ఇది ఎక్కువగా దొరుకుతుంది, అన్నిటిలోనూ ఉండదు. షాపులో "ఆటోమేటిక్ మేడమ్" అంటే నమ్మకండి, వాళ్లు చెప్పేది ఆటో ఇగ్నిషన్ గురించి. మంట ఆరితే గ్యాస్ ఆపే ఈ ఏర్పాటునే ఎఫ్‌ఎఫ్‌డీ అంటారు. "ఎఫ్‌ఎఫ్‌డీ ఉందా?" అని అడిగి, బర్నర్ దగ్గర కళ్లతో చూడండి. తెల్ల పింగాణీ తొడుగున్న పుల్ల ఒక్కటే ఉంటే అది నిప్పురవ్వ ఇచ్చేది మాత్రమే. దాని పక్కన ఇంకో లోహపు కడ్డీ ఉండాలి. పైపు కొరుకుడు పడితే ఈ స్టవ్ ఏమీ చెయ్యలేదు, పిల్లి కాలు కాలకుండానూ ఆపలేదు.

ఇండక్షన్‌కి మారిపోతే?

మంట లేదు, గ్యాస్ లేదు కాబట్టి భయం లేదని అనిపిస్తుంది. కుక్క ఉన్నవాళ్లకు ఇది చాలావరకు నిజం. అయస్కాంతం అతికే గిన్నె పైన లేకపోతే ఇండక్షన్ వేడెక్కదు, కాసేపు కీచుమని ఆగిపోతుంది.

పిల్లి ఉన్నవాళ్లు మాత్రం ఇంకోసారి ఆలోచించాలి. సియోల్ అగ్నిమాపక శాఖ 2019 జనవరి నుంచి 2021 నవంబర్ దాకా లెక్క తీస్తే, పిల్లుల వల్ల 107 ఇళ్లలో మంటలు వచ్చినట్టు తేలింది. ముట్టుకుంటే ఆన్ అయ్యే కరెంటు స్టవ్‌ల మీద అవి దూకడమే కారణం. సగానికి పైగా ప్రమాదాలు ఇంట్లో మనుషులు లేనప్పుడే జరిగాయి. గ్యాస్ నాబ్ తిప్పడం పిల్లికి చేతకాదు, టచ్ బటన్ మీద కాలు పెట్టడం దానికి నడకతో సమానం. అందుకే కోఠీలోనో ఆన్‌లైన్‌లోనో కొనేటప్పుడు ఇండక్షన్‌కీ ఇన్‌ఫ్రారెడ్‌కీ తేడా చూసుకోండి. చూడ్డానికి రెండూ ఒకలాగే నల్ల గాజు పలకలు. ఇన్‌ఫ్రారెడ్‌ది ఏ గిన్నె పెట్టినా, పెట్టకపోయినా ఎర్రగా కాలుతుంది. పిల్లి ఉన్న ఇంటికి అది వద్దు.

ఇండక్షన్ అయినా ఇనుప పెనం దించాక గాజు చాలాసేపు వేడిగానే ఉంటుంది. దాని మీద తడిగుడ్డ మడత వేయడం మా అలవాటు. వంటయ్యాక గోడ స్విచ్ తీసేయడం, వైరు గట్టు మీద నుంచి కిందికి వేలాడకుండా చుట్టేయడం తప్పనిసరి. అల్యూమినియం గిన్నెలన్నీ అటకెక్కుతాయి. వంకాయ కాల్చిన పచ్చడి, మంట మీద పొంగే పుల్కా మర్చిపోవాలి. మా ఇంట్లో ఈ ఒక్క కారణంతోనే ఓటింగ్‌లో గ్యాస్ గెలిచింది. ఒక్కరే ఉండి, పొద్దున ఎగ్ బుర్జీ, రాత్రి మ్యాగీతో గడిపే హాస్టల్ తరహా వంటవాళ్లకైతే ఇండక్షన్ హాయి.

గ్యాస్ అలారం

మంచిదే, కానీ ఇది ఆపేది కాదు, అరిచేది. మీరు ఆఫీసులో ఉంటే అది కుక్కకే వినిపిస్తుంది, పాపం ఇంకా బెదిరిపోతుంది. వాల్వ్‌ని కూడా తనే మూసేసే రకాలు ఉన్నాయి, బడ్జెట్ ఉంటే అవే తీసుకోండి. సిలిండర్ వాళ్లు నేలకు అడుగు ఎత్తులో, పైపు గ్యాస్ వాళ్లు పైకప్పుకు దగ్గరగా పెట్టాలి. అడుగు ఎత్తంటే కుక్క మూతికి సరిగ్గా అందే చోటు, మగకుక్క కాలెత్తే ఎత్తు కూడా. సిలిండర్ అలమారా పక్కన, కుక్క చేరని సందులో బిగించండి. ప్లగ్గుకు పెట్టే రకమైతే కరెంటు పోయినప్పుడు పనిచేయదు.

స్టవ్ మీద కప్పే మూతల గురించి ఒక్క వాక్యం: వేడి తగ్గకముందే కప్పితే ప్రమాదం, కప్పాక పిల్లి దాని మీద పడుకోవడం ఖాయం, అందుకే నా ఓటు పడదు.

ఎవరికి ఏది?

అద్దె ఫ్లాట్, ఒక మోస్తరు కుక్క, ఇద్దరూ ఉద్యోగస్తులు అయితే రెగ్యులేటర్, బిగించే గేటు చాలు. వెళ్లేముందు స్టవ్ తుడవడం మర్చిపోవద్దు, ఎందుకంటే కుక్కను పైకి రప్పించేది నూనె వాసనే. సొంతిల్లు, పిల్లి అయితే డబ్బంతా జాలీ తలుపు మీదే పెట్టండి. డిసెంబర్, జనవరి చలిలో పిల్లులు వెచ్చదనం వెతుక్కుంటూ అప్పుడే కట్టేసిన స్టవ్ పక్కకు చేరతాయి, హాల్లో ఎండపడే కిటికీ దగ్గర ఒక పాత దుప్పటి వేస్తే సగం పని అయిపోతుంది. పెద్దవాళ్లు వంట చేసే ఇంట్లో కాళ్లకు అడ్డం పడే కుక్కే పెద్ద ప్రమాదం, అక్కడ గేటు మొదటి ఖర్చు కావాలి.

పక్షులు పెంచేవాళ్ల సంగతి వేరు. బడ్జీలు, కాక్‌టీల్స్‌కి స్టవ్ మంటకంటే నాన్‌స్టిక్ పెనం ప్రమాదం. ఖాళీ పెనం స్టవ్ మీద మర్చిపోయి బాగా మాడితే ఆ పూత నుంచి వచ్చే పొగ మనకు దగ్గు తెప్పిస్తుందేమో, పక్షిని నిమిషాల్లో చంపేయగలదు. ఈ లాకులూ గేట్లూ ఏవీ పనికిరావు. పంజరం వంటింటికి దూరంగా, వేరే గదిలో ఉండాలి, పెనం ఇనుముదో స్టీలుదో ఉండాలి. (మన రామచిలుకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అది వేరే సంగతి.)

హైదరాబాద్ ఫ్లాట్లలో ఒక అలవాటు చూస్తుంటాను. వంటింటి వెనక వాష్ ఏరియాలో సిలిండర్ పెట్టి, గోడలోంచి పైపు లోపలికి తెస్తారు. ఇంటికి చుట్టాలొస్తే కుక్కను కూడా అక్కడే కట్టేస్తారు. లీకైన గ్యాస్ పేరుకునే నేల మీద, పైపు నోటికి అందే దూరంలో, కదల్లేకుండా. దయచేసి రెంటిలో ఒకదానికి చోటు మార్చండి.

ఇవన్నీ దాటి ఏమైనా జరిగితే

కాలు కాలితే వెంటనే మామూలు కుళాయి నీళ్ల కింద పది నిమిషాలకు తక్కువ కాకుండా పట్టండి. ఐసు వద్దు. పసుపు, టూత్‌పేస్ట్, వెన్న ఏవీ పూయొద్దు, పూసినదంతా అది నాకేస్తుంది. తడిపిన శుభ్రమైన గుడ్డ చుట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. బొచ్చు కింద గాయం ఎంత లోతో పైకి తెలియదు, కుంటడం ఆగింది కదా అని వదిలేయకండి. పొగ పీల్చిన జంతువుకు దగ్గూ ఆయాసం మరునాడు కూడా మొదలవ్వచ్చు.

గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయొద్దు, తీయొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా. అందుకోగలిగితే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, జంతువుతో సహా బయటికి రండి. గ్యాస్ లీకైతే పిలిచే ఎల్పీజీ అత్యవసర నంబరు 1906కు ఫోన్ బయటికొచ్చాకే చెయ్యండి. పిల్లి భయపడితే మంచం కిందికి దూరుతుంది, దాన్ని తరుముతూ లోపల తిరక్కుండా దిండు గలీబులో వేసి ఎత్తుకురండి.

బంటి గొలుసు అంతకుముందు వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడేది. ఆ రాత్రి మా ఆయన వాణ్ని మెడపట్టీ పట్టుకుని వంగి లాక్కెళ్లాల్సి వచ్చింది, గొలుసు గ్యాస్ ఉన్న గదిలో ఉంది మరి. ఇప్పుడది వీధి తలుపు పక్కన, చెప్పుల స్టాండ్ పైన ఉంటోంది.